చీలమండ బెణికిందా, ఎముక విరిగిందా?

బెంగళూరు మారతహళ్లిలో ఫుట్‌పాత్ మీద లేచిన రాయి తగిలి నా పాదం లోపలికి మడత పడింది. బెణికినా విరిగినా వాపు, కమిలిన నలుపు ఒకేలా ఉంటాయి, చూసి తేల్చలేం. బెణుకులో దెబ్బతినేది లిగమెంట్, అంటే ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ. నొప్పి ఎక్కువగా చీలమండ బయటి వైపు పొడుచుకొచ్చిన ఎముక గుబ్బకు కాస్త ముందు, మెత్తటి చోట. విరిగితే ఎముక మీద వేలు పెట్టనివ్వరు.

డాక్టర్లు లోపలి, బయటి గుబ్బలు రెండింటి వెనక అంచున, కింది కొన నుంచి 6 సెంటీమీటర్ల మేర నొక్కి చూస్తారు. అక్కడ నొప్పి ఉన్నా, 4 అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పదు. నేను కుంటుతూ వేశాను, ఎముక మీద నొప్పి లేదు. బెణుకే. పక్కింటి పిన్నిగారు మాలిష్ చేస్తానంటే దండం పెట్టేశాను.

బెణుకుకు ఐస్, క్రేప్ బ్యాండేజ్, కొద్ది రోజుల్లోనే మెల్లగా నడక. విరిగితే దాదాపు 6 వారాల కట్టు. ఎముక పక్కకు జరిగితే ఆపరేషన్ కూడా.