మగవాళ్ల వర్క్‌షాప్‌కి 8 వారాలు వెళ్లొచ్చాను: వెళ్లాలా వద్దా అనుకునేవాళ్ల కోసం

ముందే చెప్పేస్తున్నా, నేను ఇష్టపడి చేరలేదు. ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లు లిస్టులో పేరు రాసేశారు, కాదంటే బాగోదని వెళ్లాను. ఆడవాళ్ల మీద హింస ఆపడంలో మగవాళ్ల పాత్ర అనే మాట చూడగానే, ఎనిమిది వారాలు కూర్చోబెట్టి తిడతారు కాబోలు అనుకున్నా. వారానికి రెండు గంటలు, మొత్తం పదహారుమందిమి, నడిపేవాళ్లు ఇద్దరు. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే ఇందులో తిట్టాల్సినవి కూడా ఉన్నాయి.

మొదటిరోజు శుద్ధ దండగ. వెళ్లగానే చొక్కాకి తెల్ల రిబ్బన్ పెట్టారు, ప్రతిజ్ఞ చదివించారు, ఫొటో తీశారు. నిజానికి ఆ రిబ్బన్ వెనక పెద్ద కథే ఉంది. 1989 డిసెంబర్ 6న మాంట్రియల్‌లో ఒకడు తుపాకీతో ఇంజనీరింగ్ కాలేజీలోకి దూరి 14 మంది ఆడవాళ్లని చంపేశాడు. ఆ తర్వాత 1991లో కెనడాలో కొందరు మగవాళ్లు, దీని గురించి మాట్లాడాల్సింది మనమే అని మొదలుపెట్టిన ప్రచారం అది. ఆ సంగతి మొదటిరోజు ఎవరూ చెప్పలేదు, నాలుగో వారం నేనే అడిగి తెలుసుకున్నా. రిబ్బన్‌తో సెల్ఫీ దిగిన ఒకాయన మొదటిరోజు బ్రేక్‌లోనే పెళ్లాల మీద జోకు వేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండో వారం బోర్డు మీద గీత గీసి మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి అని రెండు సగాలు చేశారు. లైంగిక దాడి జరక్కుండా రోజూ మీరు తీసుకునే జాగ్రత్తలేంటి అని మమ్మల్ని అడిగారు. మా సగం ఖాళీగా మిగిలింది. ఇంట్లో ఆడవాళ్లని అడిగి రెండో సగం నింపుకుని రమ్మన్నారు. మా ఆవిడ పేజీ నిండా చెప్పింది: క్యాబ్ నంబర్ ఫొటో తీసి పంపడం, ఫోన్లో ఎవరూ లేకపోయినా మాట్లాడుతున్నట్టు నటించడం, లిఫ్ట్‌లో ఒక్క మగాడే ఉంటే ఇంకో లిఫ్ట్ కోసం ఆగడం, వేసుకున్న బట్టల్ని బట్టి దారి మార్చుకోవడం... పదిహేనేళ్ల కాపురంలో నాకు తెలిసింది ఆ క్యాబ్ ఫొటో ఒక్కటే, అదీ నా ఫోన్‌కే వస్తుంది కాబట్టి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకి గురయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మొదటిరోజు స్లైడ్ మీద ఆ అంకె చూసి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాణ్ణి, ఈ లిస్ట్ రాస్తుంటే మాత్రం చెయ్యి ఆగింది.

మగాడంటే ఇలా ఉండాలి అని పెట్టె గీసి అందులో మాటలు రాయించే ఎక్సర్‌సైజ్ కూడా ఉంది. పెట్టె దాటితే ఏమంటారు అంటే "ఆడంగి", "గాజులు తొడుక్కున్నావా" అని అందరం టకటకా చెప్పేశాం. బాగానే ఉంది కానీ గంటన్నర సాగదీశారు.

అసలు డబ్బు పెట్టి నేర్చుకున్నా తప్పులేదు అనిపించింది ఐదు, ఆరు వారాల్లో. చూస్తూ ఊరుకోకుండా ఏం చెయ్యాలి అనేది నటించి ప్రాక్టీస్ చేయించారు. ఎవడైనా ఒకావిడని వేధిస్తుంటే వాడితో నేరుగా అనడం ఒక్కటే దారి కాదట. టైమెంతైంది అని అడిగి మాట మళ్లించొచ్చు, ఇంకొకర్ని పిలవొచ్చు, అంతా అయ్యాక ఆవిడ దగ్గరికెళ్లి బాగానే ఉన్నారా, నేనేమైనా చెయ్యాలా అని అడగొచ్చు. మాలో ఒకతను పక్కింట్లో కొడుతుంటే వెళ్లి కాలర్ పట్టుకుంటానన్నాడు. నడిపే ఆవిడ ఒకటే మాట అంది, "కాలర్ పట్టుకున్నందుకు మీరు హీరో, మీరు వెళ్లాక దెబ్బలు ఆవిడకి." అవసరమైతే పోలీసులకి ఫోన్ చెయ్యాలి, కుదిరినప్పుడల్లా ముందు ఆవిడకి ఏం కావాలో తెలుసుకోవాలి అని అప్పుడే అర్థమైంది. జోకు వేసేవాణ్ణి "అర్థం కాలేదు, కొంచెం వివరించు" అని అడగడం మాత్రం నాకు భలే నచ్చింది.

ఇక నా పెద్ద కంప్లయింట్. ఏడో వారం ఒకాయన, "కోపం వస్తే చెయ్యి లేస్తుందండీ" అన్నాడు. నడిపేవాళ్లు షేర్ చేసినందుకు థాంక్స్ అన్నారు, అందరిచేతా చప్పట్లు కొట్టించారు. చప్పట్లేంటండీ? ఇంట్లో ఆవిడ పరిస్థితి ఏంటని ఒక్కళ్లూ అడగలేదు. వెనక కూర్చున్న కుర్రాడే "మేనేజర్ మీద కోపం వచ్చినప్పుడు కూడా లేస్తుందా అన్నా?" అన్నాడు. ఆయన దగ్గర జవాబు లేదు. అప్పటికే కొడుతున్నవాళ్లకి ఇలాంటి గ్రూపు సరిపోదు, వాళ్ల కోసం వేరే ప్రోగ్రాములు ఉంటాయి, ఆయన్ని అక్కడికి పంపాల్సింది. ఒక స్టార్ దీనికే కోసేశాను.

ఒక్కరోజులో అయిపోయే వెర్షన్ కూడా అమ్ముతున్నారు, అది మాత్రం వద్దు. రువాండాలో బందెబెరెహో అనే ప్రోగ్రామ్‌లో మగవాళ్లతో 15 సెషన్లు చేశారు, కొన్నింటికి భార్యల్నీ పిలిచారు. ఆ ఇళ్లలో హింస తగ్గిందని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది, అదీ భార్యల్నే అడిగి. మా దగ్గర ఫీడ్‌బ్యాక్ ఫారం మాకు మాత్రమే ఇచ్చారు. నేను ఇంటికి తెచ్చి మా ఆవిడతో నింపించాను. గిన్నెలు కడుగుతున్నాడు, కానీ కడిగిన ప్రతిసారీ వచ్చి చెబుతున్నాడు అని రాసింది.

మగపిల్లల బ్యాచ్ విడిగా ఉంది, అది నయం. లెక్చర్ల బదులు ఆటల కోచ్‌లే వారానికో పావుగంట మాట్లాడతారు, అమెరికాలో హైస్కూలు టీములతో ఇలా చేసి చూశారు కూడా. మా వాడికి పద్నాలుగేళ్లు, నా మాటంటే లెక్కలేదు, కోచ్ మాటంటే మాత్రం వింటాడు.

మొత్తం మీద 5కి 3. మొదటిరోజు ఎగ్గొట్టినా పర్వాలేదు, ఐదు, ఆరు వారాలు మాత్రం మానకండి. మొన్న మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకడు చెత్త జోకు పెడితే, అర్థం కాలేదురా వివరించు అన్నాను. కాసేపు గ్రూపంతా నిశ్శబ్దం, తర్వాత ఎవడో క్రికెట్ స్కోరు పెట్టాడు. ఇద్దరు నాకు విడిగా మెసేజ్ చేశారు, మంచిపని చేశావని. ఆ ముక్క గ్రూపులో అనొచ్చుగా అని ఇద్దరికీ రాశాను. ఒకడు నవ్వు ఎమోజీ పెట్టాడు, ఇంకొకడు చూసి ఊరుకున్నాడు.