వాదీ రమ్, అజ్రఖ్, అఖబా: లారెన్స్ పేరున్న చోట్లలో ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

జోర్డాన్ దక్షిణాన ఉన్న ఎడారి లోయ వాదీ రమ్. దాని సందర్శక కేంద్రం ఎదుట నిలువు స్తంభాల్లా కనిపించే కొండను జీపు డ్రైవర్లు 'సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్‌డమ్' అని చూపిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కుల మీద అరబ్బులు చేసిన తిరుగుబాటులో పాల్గొన్న బ్రిటిష్ అధికారి టీ.ఈ. లారెన్స్ తన పుస్తకానికి ఈ కొండ పేరే పెట్టుకున్నాడని అనుకుంటే పొరపాటే. ఆ మాట బైబిల్ సామెతల గ్రంథంలోది. కొండకు ఆ పేరు చాలాకాలం తర్వాత, పర్యాటకుల కోసం పడింది. అంతకుముందు అది జబల్ అల్ మజ్మార్.

జీపు టూర్లలోనూ ఇదే తంతు. 'లారెన్స్ ఊట' అని ఎక్కువమందిని తీసుకెళ్ళేది ఐన్ అబూ ఐనాకి. ఆయన స్నానం చేశానని రాసింది ఐన్ షలాలాలో. అది రమ్ గ్రామం వెనక, పెట్రా నగరాన్ని కట్టిన ప్రాచీన అరబ్బులైన నబాతీయుల గుడి శిథిలాలకు పైన ఉంది. అక్కడికి జీపు అక్కర్లేదు. గుడి దగ్గర నుంచి కొండవాలు ఎక్కితే అరగంట పని. రాతిలో తొలిచిన పాత నీటి కాలువ జాడ, నబాతీయ శాసనాలు కనిపిస్తాయి. ఎండ ఎక్కకముందే వెళ్ళాలి, అరిగిన చెప్పులతో మాత్రం వద్దు. 'లారెన్స్ ఇల్లు' అనేది నబాతీయ కట్టడం మీద మిగిలిన నాలుగు గోడలు. ఆయన అక్కడ ఉన్నాడనడానికి ఆధారం లేదు. ఆ సమయం ఖజాలీ అనే ఇరుకు కొండ సందులోని ప్రాచీన రాతలకు ఇవ్వండి.

బస విషయానికొస్తే, ముందు తేల్చుకోవాల్సింది శిబిరం ఎక్కడుందన్నది. గాజు గోపురాల గదులు ఎక్కువగా దీసీ గ్రామం వైపు, రక్షిత ప్రాంతం బయట ఉంటాయి. రమ్ గ్రామపు జలాబియా తెగ బదూలు (ఎడారి అరబ్బులు) నడిపేవి లోపలుంటాయి. లోపలి వాటిలో హంగు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. నా ఓటు వాటికే. గది మరీ చవకగా కనిపిస్తే జీపు టూరు, రాత్రి భోజనం అందులో కలిశాయో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల అసలు ఖర్చు అక్కడే. ఇసుకలో పూడ్చిన పొయ్యిలో వండే మాంసం వంటకం జర్బ్‌కు గంటలు పడుతుంది కాబట్టి మాంసం తిననివాళ్ళు ముందురోజే చెప్పాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది, మామూలు గుడారంలో దుప్పట్లే దిక్కు. నగదు దగ్గర్లోని రేవుపట్నం అఖబాలోనే తీసుకోండి.

అఖబా సగం రోజు చాలు. 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమాలోని అఖబాను స్పెయిన్‌లో సెట్ వేసి తీశారు, దాన్ని ఇక్కడ వెతక్కండి. 1917 జులై 6న తుర్కుల చేతిలోని ఊరు అరబ్బు దండుకు లొంగింది. అసలు పోరు అంతకు నాలుగు రోజుల ముందు అబూ అల్ లిస్సాన్ దగ్గర జరిగింది. దండుకు నాయకుడు షరీఫ్ నాసిర్, పోరాడింది ప్రధానంగా ఔదా అబూ తాయి వెంట వచ్చిన హువైతాత్ తెగ మనుషులు. ఇంగ్లీషు కథనంలో వీళ్ళ పాత్ర ఎలా మరుగున పడిందో జోర్డాన్ చరిత్రకారుడు సులైమాన్ మూసా చూపించాడు. ఆయన పుస్తకానికి ఇంగ్లీషు అనువాదం 1966లో వచ్చింది. బయల్దేరే ముందు అది తప్పక చదవాలి. 1914లో సినాయ్‌లో పురావస్తు సర్వే చాటున బ్రిటిష్ సైన్యం పటాలు గీయించుకుంది, ఆ సర్వేలో లారెన్స్ ఉన్నాడు. ఎడారిని అంత అందంగా వర్ణించిన కన్ను, దాన్ని కొలిచిన కన్ను ఒకటే.

లారెన్స్ నిజంగా ఉన్న చోటు చూడాలంటే అజ్రఖ్ వెళ్ళాలి. రాజధాని అమ్మాన్‌కు తూర్పున సుమారు 100 కి.మీ. బస్సులను నమ్ముకుంటే రోజు వృథా. కారు తీసుకుని దారిలో ఖరానా, ఖుసైర్ అమ్రా కోటలు కలుపుకోండి. అజ్రఖ్ కోట నల్లరాతి తలుపులు ఇప్పటికీ తిరుగుతాయి. దక్షిణ ద్వారం మీది గదిలో 1917 చలికాలంలో ఆయన ఉన్నాడు. ఆ నవంబరులో యర్మూక్ లోయలోని తుర్కుల రైలు వంతెన పేల్చబోయి విఫలమైన దండులో భారతీయ మెషిన్‌గన్ సిపాయిలూ ఉన్నారు. మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. బసకు అజ్రఖ్ లాడ్జ్ మంచిది. అది 1940ల నాటి బ్రిటిష్ సైనిక ఆసుపత్రి, ఇప్పుడు ప్రకృతి పరిరక్షణ సంఘం నడుపుతోంది. చెచెన్ వంట దొరుకుతుంది.

చూడాల్సిన చోట్ల ప్రవేశ టికెట్లు కలిపి ఇచ్చే జోర్డాన్ పాస్ 70 నుంచి 80 దీనార్లు. దేశంలో అడుగుపెట్టకముందే కొనాలి. కనీసం మూడు రాత్రులు ఉంటేనే 40 దీనార్ల వీసా రుసుము మాఫీ. పెట్రా ఒక్కరోజు టికెట్టే 50 కాబట్టి పెట్రా చూసేవాళ్ళకు ఇది లాభం. రమ్ ప్రవేశం కూడా ఇందులోనే, జీపు మాత్రం కాదు.