గంటసేపు మాటా, ఏడాది పొడవునా పనా: అమ్మాయిలను సైన్స్ వైపు నడిపించడానికి ఏది మేలు?

ఉన్నత పాఠశాలలో చదివే అమ్మాయిలను విజ్ఞాన, సాంకేతిక రంగాల వైపు ప్రోత్సహించాలని సంకల్పించిన వారి ముందు ముఖ్యంగా రెండు మార్గాలు ఉంటాయి. ఆ రంగాల్లో పనిచేస్తున్న ఒక మహిళను తరగతికి పిలిచి పిల్లలతో మాట్లాడించడం మొదటిది. వారానికి ఒకటి రెండు గంటల చొప్పున ఏడాదంతా వారి చేత స్వయంగా ప్రయోగాలూ ప్రోగ్రాములూ చేయించే క్లబ్బు నడపడం రెండవది. ప్రపంచం మొత్తం మీద ఉన్నత విద్యలో ఈ రంగాలను చదువుతున్న వారిలో అమ్మాయిలు 35 శాతమేనని యునెస్కో 2017లో తన నివేదికలో పేర్కొంది. అందువల్ల ఏ పాఠశాల అయినా తనకున్న కొద్దిపాటి సమయాన్ని ఈ రెండింటిలో దేనికి వెచ్చించాలో జాగ్రత్తగా ఆలోచించుకోవాలి.

గంటసేపు ప్రసంగంతో ఏం మారుతుందని చాలామంది తీసిపారేస్తారు గాని, ఆ మాటకు ఆధారం లేదు. ఫ్రాన్సులో పారిస్ పరిసర ప్రాంతపు పాఠశాలల్లో దీనిని పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. శాస్త్ర రంగాల్లో పనిచేస్తున్న 56 మంది మహిళలు తరగతులకు వెళ్లి, ఒక్కొక్క చోట సుమారు గంటసేపు విద్యార్థులతో ముచ్చటించారు. దాని ఫలితంగా, సైన్స్ శాఖలో పాఠశాల చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయిల్లో, గట్టి పోటీ ఉండి మగపిల్లలే ఎక్కువగా చేరే శాస్త్ర సాంకేతిక కోర్సులను ఎంచుకున్న వారి వాటా 11 శాతం నుంచి 14.5 శాతానికి పెరిగింది. గంట సమయానికి ఇది చిన్న ఫలితమేమీ కాదు. అయితే ఆ పెరుగుదల ప్రధానంగా గణితంలో బాగా రాణిస్తున్న అమ్మాయిల్లోనే కనిపించింది. రెండేళ్ల కింది తరగతిలో శాఖల ఎంపికపై చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. అంటే ఇప్పటికే అర్హత ఉండి, నిర్ణయం దగ్గర తటపటాయిస్తున్న అమ్మాయికి ఈ ప్రసంగం ధైర్యాన్నిస్తుంది. గణితానికి అప్పటికే దూరమైన అమ్మాయికి, నిర్ణయం ఇంకా ఎంతో దూరంలో ఉన్న అమ్మాయికి అది ఒక మంచి మధ్యాహ్నంగానే మిగిలిపోతుంది.

అదే పరిశీలనలో తేలిన మరొక విషయం నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. సైన్స్‌లో స్త్రీలు ఎంత తక్కువగా ఉన్నారో అదేపనిగా నొక్కిచెప్పిన ప్రసంగాల కన్నా, ఆ ఉద్యోగాలు ఎలా ఉంటాయో ఆసక్తికరంగా వివరించిన ప్రసంగాలే ఎక్కువ ఫలించాయి. కాబట్టి అతిథిని పిలిచేటప్పుడు ఆమె రోజులో ఏ పని చేస్తుందో, ఎవరితో కలిసి చేస్తుందో, ఎలా చదివి అక్కడికి చేరిందో, జీతం ఏ మాత్రం ఉంటుందో చెప్పమని ముందుగానే కోరడం మంచిది. 1903లోనూ 1911లోనూ నోబెల్ బహుమతి అందుకున్న మేరీ క్యూరీ చిత్రపటం గోడమీద ఉండవలసిందే. కాని అంతటి ప్రతిభ ఉంటే తప్ప ఈ రంగంలో చోటు లేదని పద్నాలుగేళ్ల పిల్ల అనుకునే ప్రమాదమూ ఉంది.

క్లబ్బు చేసే పని వేరు. ఆరేళ్ల వయసుకే అమ్మాయిలు "చాలా చాలా తెలివైనవారు" అన్న వర్ణనను ఆడవారికి అన్వయించుకోవడం తగ్గుతుందని 2017లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. అంత చిన్నప్పుడే నాటుకున్న అపనమ్మకాన్ని వినికిడి కన్నా అనుభవమే బాగా తొలగించగలదని నా నమ్మకం. తాను అమర్చిన సెన్సార్ తప్పుడు ఉష్ణోగ్రత చూపిస్తుంటే తీగలన్నీ ఒక్కొక్కటిగా సరిచూసి లోపం పట్టుకున్న అమ్మాయికి, ఆ పని తనకు వచ్చునని మరెవరూ చెప్పనక్కరలేదు.

అయితే క్లబ్బును ఎలా నడుపుతారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ముగ్గురు అబ్బాయిల మధ్య ఒక్క అమ్మాయిని కూర్చోబెడితే పరికరాలు వారి చేతికి, నోట్సు రాసే పని ఆమె చేతికి పోవడం తరచూ చూసేదే. ఇంజినీరింగ్ విద్యార్థినులను అబ్బాయిలతో కలిపి నలుగురేసి జట్లు కట్టి 2015లో జరిపిన ఒక ప్రయోగంలో, తమ సంఖ్యే ఎక్కువగా ఉన్న జట్లలో వారు మరింత చొరవగా మాట్లాడారు. అందువల్ల పూర్తిగా అమ్మాయిల క్లబ్బే పెట్టాలన్న నియమం అక్కరలేదు. మిశ్రమ క్లబ్బులో కూడా ప్రతి జట్టులో అమ్మాయిలు కనీసం సగం ఉండేలా, పనులు వంతులవారీగా మారేలా చూస్తే చాలు.

అప్పటికే కోడింగ్ వచ్చిన వారినీ, మొదటిసారి కీబోర్డు ముందు కూర్చున్న వారినీ ఒకే గదిలో కలిపితే రెండవ వర్గం త్వరగా నిరుత్సాహపడుతుంది. అమెరికాలోని హార్వే మడ్ కళాశాల తన మొదటి కంప్యూటర్ పాఠ్యాంశాన్ని పూర్వానుభవాన్ని బట్టి విడదీసి, మరికొన్ని మార్పులు కూడా చేశాక, 2006 ప్రాంతంలో సుమారు 10 శాతంగా ఉన్న కంప్యూటర్ సైన్స్ విద్యార్థినుల వాటా కొన్నేళ్లలోనే 40 శాతానికి చేరుకుంది. పాఠశాల క్లబ్బుకూ ఈ పద్ధతి సరిపోతుంది. తమకన్నా రెండు మూడేళ్లు పెద్దదైన విద్యార్థినిని మార్గదర్శిగా పెడితే ఇంకా మంచిది.

క్లబ్బుకు రెండు బలహీనతలు ఉన్నాయి. బడి గంటల తరువాత పెడితే ముందునుంచీ ఆసక్తి ఉన్నవారే వస్తారు, ఎవరి కోసం మొదలుపెట్టామో వారు ఇంటికి వెళ్లిపోతారు. మధ్యలో ఆగిపోతే, ఇది తమకు తగినది కాదన్న సందేశమే పిల్లలకు అందుతుంది. ఒకరోజు శిబిరాలు, పోటీల సంగతి ఎక్కువగా చెప్పుకోనక్కరలేదు. గెలిచే ఒకరిద్దరికి తప్ప వాటివల్ల ఒరిగేది తక్కువ.

రెండింటిలో ఒక్కటే సాధ్యమైతే నేను క్లబ్బునే ఎంచుకుంటాను. అది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో, టైమ్‌టేబుల్ లోపలే, ఏడాదంతా నడిపించగల ఉపాధ్యాయులు దొరికినప్పుడే. అలాంటి వారు లేకపోతే క్లబ్బు జోలికి పోకుండా, పై చదువుల దరఖాస్తులకు కొద్ది నెలల ముందు చివరి సంవత్సరం విద్యార్థినులకు ఒక మంచి ప్రసంగం ఏర్పాటు చేయడమే మేలు. దేన్ని ఎంచుకున్నా, ఫలితాన్ని ఆనాటి చప్పట్లను బట్టి లెక్కవేయకూడదు. మరుసటి ఏడాది గణితం, భౌతికశాస్త్రం తీసుకున్న అమ్మాయిల సంఖ్యను అంతకుముందు మూడేళ్ల సంఖ్యలతో పోల్చి చూడాలి. అది పెరగకపోతే అదే పద్ధతిని మళ్లీ కొనసాగించకూడదు.