మెడ పట్టేసి మొదటిసారి మసాజ్‌కు పోయాను, మా పాలమూరులోనే

బతుకమ్మ, దసరా వచ్చాయంటే టైలర్ల మెడలు టైలర్లవి కావు. ఈసారీ అంతే, రాత్రి ఒంటిగంట దాకా లైనింగ్ బ్లౌజులు, మధ్యలో ఎవరో ఒకరు నారాయణపేట చీర పట్టుకొచ్చి "ఫాల్ ఒక్కటే కదా అక్కా, పొద్దున్నే ఇచ్చెయ్" అనడం. పండుగ పోయి నాలుగు రోజులైనా కుడి భుజం చెవి దగ్గరే ఉంది, పక్కకు చూడాలంటే మనిషిని మొత్తం తిరగాల్సి వస్తోంది. బామ్ రాశాను, ఉప్పు కాపడం పెట్టాను, మా పెద్దోడితో వీపు తొక్కించుకున్నాను కూడా (వాడిప్పుడు నలభై కిలోలు, ఆ తప్పు మళ్లీ చెయ్యను). ఇక మా వదిన ఊరుకోలేదు, ఊళ్లోనే ఉన్న ఒక కేరళ ఆయుర్వేదం సెంటర్‌కు పట్టుకుపోయింది. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కాబట్టి దాని పేరు మాత్రం రాయను.

బాలింతగా ఉన్నప్పుడు ముసలమ్మ వచ్చి నూనె రుద్ది నీళ్లు పోసింది, అది తప్ప నా ఒంటి మీద వేరేవాళ్లు చెయ్యి వేసి రుద్దింది లేదు. పైగా మసాజ్ సెంటర్ అనగానే మన దగ్గర జనం ముఖాలు ఒకలా పెడతారు, మా ఆయన కూడా "నీకెందుకే అవన్నీ" అన్నాడు. అందుకే లోపలికి పోకముందే వదిన నిలదీసి అడిగింది, ఆడవాళ్లకు ఆడవాళ్లే చేస్తారా, తలుపుకు లోపల గడియ ఉందా, డాక్టర్ ఉంటారా అని. మీరూ అడగండి, సిగ్గుపడేదేం లేదు. ఈ మూడింటికీ నీళ్లు నమిలే చోట చెప్పులు వేసుకుని వెనక్కి వచ్చేయడమే.

ముందు డాక్టరమ్మ పది నిమిషాలు మాట్లాడింది. బీపీ ఉందా, షుగర్ ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, నెల తప్పారా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, చేతిలోకి తిమ్మిరి దిగుతోందా. ఈ చివరి ప్రశ్న నాకు నచ్చింది. మెడనొప్పితో పాటు చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం ఉంటే ముందు ఎముకల డాక్టర్‌కు చూపించుకుని రమ్మంటుందట, అక్కడ నరం నొక్కుకుపోయి ఉండొచ్చు కాబట్టి. జ్వరం ఉన్నా, చర్మం మీద పుండ్లున్నా చెయ్యరు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే దాన్ని అసలు రుద్దించకూడదు, రక్తం గడ్డ కట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇంట్లో "పిక్క పట్టింది, కాస్త రుద్దు" అనే ముందు కూడా ఇది గుర్తుపెట్టుకోండి. కడుపు నిండా తిని కూడా పోవద్దు, రెండు గంటలు గ్యాప్ ఉండాలి. నేను ఉప్మా తిని గంటన్నరకే బోర్లా పడుకున్నాను, తెలిసొచ్చింది.

ఇక అందరికీ ఉండే భయం, బట్టలు. అవును, విప్పాలి. వాళ్లు ఒక పలచటి గుడ్డ లోదుస్తు ఇస్తారు, ఒక్కసారి వాడి పారేసేది, దాని కుట్టు చూస్తే నాకు నవ్వొచ్చింది, ఓవర్‌లాక్ కూడా లేదు. పైన తువ్వాలు కప్పుతారు, ఏ చెయ్యి మీద, ఏ కాలి మీద పని చేస్తుంటే అంతవరకే తీస్తారు. వద్దనుకుంటే నడుము కింద ముట్టుకోవద్దని చెప్పొచ్చు, మెడ, భుజాలు, వీపు మాత్రమే చేయించుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు బిగుసుకుపోయి ఉన్నాను, తర్వాత ఆ సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

చేసినామె కేరళ అమ్మాయి, తెలుగు కొంచెం కొంచెం వచ్చు. భుజం నొక్కుతూ "వేదన ఉందా అక్కా?" అంది. నాకెందుకమ్మా వేదన, ఇద్దరు పిల్లలు, బాకీలు లేవు, మెడ నొప్పి ఒక్కటే అన్నాను. మలయాళంలో నొప్పినే వేదన అంటారట! గంటసేపు ఆ మాటే నడిచింది, ఇక్కడ వేదన, అక్కడ వేదన లేదు అని.

ముందు స్టూల్ మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టింది, తర్వాత చెక్క బల్ల ఎక్కించింది. దాన్ని ద్రోణి అంటారు, చుట్టూ అంచు ఉంటుంది నూనె కారిపోకుండా. జారుడుగా ఉంటుంది, దిగేటప్పుడు చెయ్యి పట్టుకోమని అడగండి. నూనె వేడి చేసి గోరువెచ్చగా పోసి పొడుగ్గా, ఒకే వేగంతో రుద్దుకుంటూ పోతుంది. వంటింట్లో మనం హడావిడిగా రాసుకునే రాత కాదది. రెక్క ఎముక పక్కన బొటనవేలు పెట్టిన చోట గోలీ అంత గడ్డ దొరికింది, దాని మీద వేలు ఆనించి అలాగే ఉంచింది, రుద్దలేదు, నొక్కి ఆగింది. బాబిన్‌లో దారం చిక్కుపడితే గుంజకుండా వదులు చేస్తాం కదా, సరిగ్గా అట్లాగే. కాసేపటికి అది మెత్తబడటం నాకే తెలిసింది. కానీ ఇంకోచోట గట్టిగా నొక్కినప్పుడు పళ్లు బిగబట్టి ఊరుకున్నాను, డబ్బులిచ్చాం కదా గట్టిగానే చేయనీ అని. తప్పు నాదే, మర్నాడు ఆ చోటు కమిలినట్టు నొప్పి పెట్టింది. హాయిగా ఉండే నొప్పి వేరు, ఊపిరి బిగబట్టించే నొప్పి వేరు, రెండోది రాగానే చెప్పేయాలి.

చివర్లో స్టీమ్. చెక్క పెట్టెలో కూర్చోబెట్టి తల బయట పెట్టి పది నిమిషాలు. బీపీ ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది వద్దంటారు, మా వదినకు చెయ్యలేదు. తర్వాత పెసరపిండి ఇచ్చారు నూనె పోగొట్టుకోవడానికి, ఆ వాసనకు దీపావళి తెల్లవారుజాము గుర్తొచ్చింది.

ఇక్కడి దాకా బాగుంది. కౌంటర్ దగ్గరే చెడింది. మసాజ్ పన్నెండు వందలు, స్టీమ్ మూడు వందలు, అది ముందే చెప్పారు. జుట్టులోంచి నూనె కారుతుండగానే అక్కడున్న పిల్లాడు ఏడు రోజుల ప్యాకేజీ అంటూ పట్టుకున్నాడు, ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయట, ఒక్కరోజుతో పోవట. విషాలు తీసే పని కాలేయం, కిడ్నీలు రోజూ చేస్తూనే ఉన్నాయి నాయనా, నువ్వు మెడ సంగతి చెప్పు అన్నాను. అదే డాక్టరమ్మను అడిగితే నెలకొకసారి చాలంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు!

ఫలితం ఏంటంటే, ఆ రాత్రి తొమ్మిదింటికే పడుకుని పొద్దున ఆరింటికి లేచాను, మధ్యలో మెలకువ లేదు, పండుగ నెలలో అది నాకు వింతే. మర్నాడు ఒళ్లంతా పత్తి ఏరిన మర్నాడు ఉన్నట్టు నొప్పులు, గోరువెచ్చటి నీళ్లు పోసుకుని సాయంత్రం దాకా మెషీన్ ముట్టలేదు. మూడో రోజు మెడ రెండువైపులా తిరిగింది. వారం బాగుంది. మళ్లీ పెళ్లి ఆర్డరు వచ్చి వరసగా నాలుగు రాత్రులు కూర్చోగానే భుజం పైకి ఎక్కడం మొదలైంది. మరి వంగి కూర్చునే అలవాటు మార్చకుండా నూనె ఒక్కటే ఏం చేస్తుంది! ఇప్పుడు స్టూల్ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచాను, గంటకోసారి లేస్తున్నాను.

సంక్రాంతి ముందు మళ్లీ పోతాను, ఈసారి స్టీమ్ లేకుండా మెడా భుజాలే, అరగంట. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తినప్పుడల్లా యూనిఫాం చంక దగ్గర పట్టేయడం గమనించాను, పాపం రోజంతా దాంతోనే పని. ఆది బ్లౌజ్ తెచ్చి పెట్టుకొమ్మని చెప్పి వచ్చాను.