భిన్న సంస్కృతుల యంగ్ అడల్ట్ సాహిత్యం: మొదట ఏది చదవడం మేలు?

భిన్న సంస్కృతుల యంగ్ అడల్ట్ (కౌమార వయస్కుల కోసం రాసే) సాహిత్యాన్ని అధ్యయనం చేయాలనుకునే విద్యార్థులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: జీన్ లువెన్ యాంగ్ బొమ్మల నవల ‘అమెరికన్ బార్న్ చైనీస్’తో మొదలుపెట్టాలా, థాన్హా లై కవితారూప నవల ‘ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్’తోనా? మొదటిదానికి 2007లో యంగ్ అడల్ట్ పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే ప్రింట్జ్ పురస్కారం, రెండవదానికి 2011లో నేషనల్ బుక్ అవార్డు దక్కాయి కనుక బహుమతులను బట్టి తేల్చుకోవడానికి వీల్లేదు.

లై నవలలో పదేళ్ళ హా 1975లో సైగాన్ పతనమవుతున్న వేళ తల్లితో, అన్నలతో ఓడెక్కి, చివరకు అలబామా చేరుతుంది. పెరట్లో వదిలి వచ్చిన బొప్పాయి చెట్టు మీది బెంగ, ఇంగ్లిషు మాటల చివర పాములా బుసకొట్టే ‘స్’ శబ్దంతో పడే యాతన చిన్న చిన్న పాదాల్లో సూటిగా మనసుకు తగులుతాయి. అయితే ఆ పుస్తకం చదువుతున్నంతసేపూ మనం హా పక్షానే ఉంటాం. ఆమెను ఏడిపించే పిల్లల్లో మనమూ ఒకరం కావచ్చునన్న అనుమానం రాదు.

నా దృష్టిలో నిర్ణాయకమైనది ఇదే. ఇతరుల జీవితాన్ని చూపడంతో ఆగకుండా, చూస్తున్న మన చూపును కూడా పరీక్షకు పెట్టే పుస్తకం అధ్యయనానికి ఎక్కువ ఉపకరిస్తుంది. యాంగ్ ఆ పని చేశాడు. ఆయన పుస్తకంలో మూడు కథలు పక్కపక్కనే నడుస్తాయి: చైనా పురాణాల వానర రాజు కథ, వలస కుటుంబపు బాలుడు జిన్ కథ, డానీ అనే అమెరికన్ కుర్రాడి ఇంటికి వచ్చే బంధువు చిన్-కీ కథ. చైనీయుల గురించి ప్రచారంలో ఉన్న వెక్కిరింతలన్నీ పోతపోసిన చిన్-కీ పాత్ర వచ్చే పుటలను ఆయన టీవీ హాస్య ధారావాహికలా నడిపి, బొమ్మల అడుగున ప్రేక్షకుల నవ్వులను అక్షరాల్లో పేర్చాడు. మొదట తామూ నవ్వి, ఆ నవ్వు ఎవరిదో గ్రహించగానే మౌనం వహించిన విద్యార్థులను నేను చూశాను.

తెలుగు పాఠకులకు ఇందులో మరొక పరీక్ష ఉంది. వానర రాజు కనబడగానే మనకు హనుమంతుడు స్ఫురిస్తాడు. వారిద్దరికీ సంబంధం ఉందని చైనా పండితుడు హూ షి వాదించగా చైనా రచయిత లూ షున్ అంగీకరించలేదు. కాబట్టి పోలికను పట్టుకుని తొందరపడకూడదు. మూలకథలో, అంటే చైనా పాత నవల ‘జర్నీ టు ది వెస్ట్’లో, వానరుణ్ణి కొండ కింద అణచినవాడు బుద్ధుడు. క్రైస్తవుడైన యాంగ్ ఆ స్థానంలో సృష్టికర్తను నిలిపాడు. పురాణాన్ని ఒక వలస కుటుంబపు బిడ్డ తన విశ్వాసానికి అనుగుణంగా ఎలా మలచుకున్నాడో పరిశీలించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మెక్సికన్-అమెరికన్ రచయిత్రి శాండ్రా సిస్నెరోస్ నవల ‘ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’ (1984)ను కూడా కొందరు సూచిస్తారు. పొట్టి అధ్యాయాలు కనుక సమయం తక్కువున్నవారికి అది అనుకూలం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చిన్-కీ పుటలను విడదీసి పాఠంగా ఇవ్వకూడదు. మూడు కథలూ ఒకటయ్యే ముగింపు లేకపోతే అవి వట్టి వెక్కిరింతగానే మిగిలిపోతాయి. పుస్తకాన్ని ఆసాంతం చదివించే వీలు లేని తరగతికి, లేదా పన్నెండేళ్ళలోపు పిల్లలకు, నేను కూడా లై నవలనే చేతికిస్తాను.