రోకలిబండల్లో గట్టి పిండం ఏది? ఆరేళ్లు పెంచాక నా రివ్యూ

మొదట్లో అందరూ చేసే తప్పే నేనూ చేశా. ఎవరిదో మోచేతి మీద పాకుతున్న ఆఫ్రికన్ జెయింట్ అనే పెద్ద రోకలిబండ (మిల్లిపీడ్, బోలెడు కాళ్లతో పాకే పురుగు) ఫొటో చూసి, ఆర్కిస్పిరోస్ట్రెప్టస్ గిగాస్ అనే నోరు తిరగని పేరు బట్టీ పట్టి, ఏకంగా పెద్దదాన్నే తెచ్చేసుకున్నా. 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కదా, ఆ సైజు మీదే మోజు. డబ్బాలో రెండంగుళాల కొబ్బరి పొట్టు, పైన కీరదోస ముక్కలు, రోజూ స్ప్రేతో నీళ్లు, అంతా బ్రహ్మాండంగా ఉందనుకున్నా. నాలుగు నెలలు బతికింది. చివరి పది రోజులు పైనే పడి ఉండేది, ముట్టుకుంటే చుట్ట చుట్టుకోవడం కూడా సగంలోనే వదిలేసేది. అప్పుడు జబ్బేమో అనుకున్నా గానీ ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అది ఆకలితో పోయిందనే నా నమ్మకం.

ఎందుకంటే రోకలిబండకి ఇల్లూ కంచమూ రెండూ మట్టే. కీరదోస, చిలగడదుంప, గుమ్మడి ఇవన్నీ చిరుతిండి కింద లెక్క, అసలు భోజనం కుళ్లిన ఆకులూ కుళ్లిన చెక్కా. కొబ్బరి పొట్టులో దానికి ఒంటబట్టేది ఏమీ లేదు. ఇప్పుడు నేను కలిపేది దాదాపు సగం నల్లబడి నలిగిపోయే ఎండాకులు, పావు వంతు వేలితో నొక్కితే చిదిమిపోయేంత మెత్తబడిన తెల్ల చెక్క, మిగతాది ఎరువూ పురుగుమందూ తగలని మామూలు మట్టి, అందులో గుడ్డు పెంకుల పొడి. పెంకుల పొడి ఎందుకంటే వీటి పైతొడుగులో కాల్షియం ఎక్కువ, అది తిండిలోంచే రావాలి. పైన్, సెడార్ లాంటి జిగురు చెట్ల చెక్క జోలికి మాత్రం వెళ్లకండి. లోతు కనీసం జంతువు పొడవంత ఉండాలి, నేనైతే ఇంకో రెండంగుళాలు ఎక్కువే పోస్తా. తడి సంగతికి మీటర్లు గీటర్లు అక్కర్లేదు, గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ కనపడాలి, నీళ్లు కారకూడదు, అంతే.

ఇక జాతుల సంగతి. ఈ ఆరేళ్లలో నా దగ్గర ఆరు రకాలు ఉన్నాయి, కొత్తగా పెంచేవాళ్లు ఎవరు అడిగినా కళ్లు మూసుకుని చెప్పే పేరు ట్రిగోనియులస్ కొరల్లినస్, అదే రస్టీ మిల్లిపీడ్. ఇటుక ఎరుపు, ఐదారు సెంటీమీటర్లు, చూడ్డానికి అంత గొప్పగా ఏమీ ఉండదు. కానీ ఒకసారి ఐదు వారాలు ఊళ్లో లేను, చూసుకుంటామన్నవాళ్లు మర్చిపోయారు, తిరిగొచ్చి మూత తీస్తే పైన మూడంగుళాల మట్టి పిండిలా ఎండిపోయి ఉంది. అయిపోయాయి అనుకుని ఓ మూల చెంచాతో తవ్వితే అట్టడుగున కాస్త చెమ్మ మిగిలిన చోట అన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టుకుని ముద్దగా ఉన్నాయి. నీళ్లు పోసి మట్టి కప్పేశా, మర్నాడు రాత్రి టార్చ్ వేస్తే ఏమీ జరగనట్టు ఆకు అంచులు కొరుకుతున్నాయి. ఎనిమిదింటితో మొదలెట్టా, ఇప్పుడు లెక్కపెట్టడం మానేశా.

దాని తర్వాత బంబుల్‌బీ, అంటే అనాడెనోబోలస్ మోనిలికార్నిస్. నల్లటి ఒంటి మీద పసుపు పట్టీలు, ఎర్రటి కాళ్లు, పైగా మిగతావాటికంటే పైన ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లో దీనికే నా ఓటు. కరీబియన్ దీవుల జీవి, ఫ్లోరిడాలో పరాయి జీవిగా దిగి తెగ పాకిపోయింది, రస్టీ కూడా అక్కడికి ఆసియా నుంచి అలా చేరిందే. ఊరుకాని ఊళ్లో ఎవరూ చూడకుండానే సంసారం పెట్టేసిన జీవి మన డబ్బాలో మన పొరపాట్లు తట్టుకోదా అనేది నా లెక్క, ఆ లెక్క ఇప్పటిదాకా తప్పలేదు. అదే కారణంతో పిల్లలు ఎక్కువయ్యాయని బయట తోటలో వదిలే పని మాత్రం చెయ్యకండి, తీసిన పాత మట్టిని కూడా నేను రెండు రోజులు ఫ్రీజర్‌లో పెట్టాకే పారేస్తా.

ఐవరీ (చికోబోలస్ స్పినిగెరస్) ఇంకాస్త పెద్దది, చేతి మీద పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, బూడిదరంగు ఒంటి మీద లేత పట్టీలు, నెమ్మదస్తురాలు. పిల్లలు వస్తాయి గానీ రస్టీ అంత జోరుగా కాదు. ఆర్థోపోరస్ ఆర్నాటస్ అనే ఎడారి రకం మొండిది, ఏళ్ల తరబడి బతుకుతుంది, కానీ డబ్బాలో పిల్లలు పుట్టడం చాలా అరుదు, నా దగ్గరా పుట్టలేదు. గుండ్రంగా బంతిలా ముడుచుకునే పెద్ద పిల్ మిల్లిపీడ్లు ముద్దొస్తాయి నిజమే, రెండుసార్లు ప్రయత్నించా, రెండుసార్లూ పోయాయి, మూడోసారి ఆ పాపం మూటకట్టుకోదలుచుకోలేదు.

ఒక్కటే కొనకండి, ఆరో ఎనిమిదో తీసుకోండి. జత అని చెప్పి ఒక అమ్మేవాడు నాకు రెండు ఆడవి అంటగట్టాడు, ఏడాది పాటు పిల్లల కోసం ఎదురుచూశా. ఆడో మగో చూసుకోవడం పెద్ద కష్టం కాదు, గాజు గోడ ఎక్కినప్పుడు కింది వైపు నుంచి తల దగ్గర మొదలెట్టి ఒంటి ఉంగరాలు లెక్కపెట్టండి, పెద్ద మగదానికి ఏడో ఉంగరం దగ్గర నడిచే కాళ్లు ఉండవు, అక్కడ ఖాళీలా కనపడుతుంది. ఆడదానికి కాళ్ల వరస తెగకుండా సాగిపోతుంది.

నా అన్నిటికంటే వెధవ పని ఇంకోటుంది. ఐవరీ ఒకటి మూడు వారాలు కనపడకపోతే బతికుందో లేదో అని మట్టి మొత్తం కెలికేశా. బెత్తెడు లోతులో మట్టితో కట్టుకున్న చిన్న గది, గోళీ అంత నున్నగా, నా చెంచా దాని గోడ పగలగొట్టింది. లోపల పాలిపోయిన తెల్లరంగులో, ఒళ్లంతా మెత్తగా, పక్కనే సగం తిన్న కుబుసం. రెండు రోజుల్లో పోయింది. కుబుసం విడిచేటప్పుడు అవి వారాల తరబడి కిందే ఉంటాయి, ఆ కుబుసం తిని కాల్షియం తిరిగి తెచ్చుకుంటాయి, కనపడలేదంటే వదిలెయ్యండి, అంతే. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి మూడు జతల కాళ్లే ఉంటాయి, ఆ తర్వాత కుబుసం విడిచిన కొద్దీ ఉంగరాలూ కాళ్లూ పెరుగుతూ పోతాయి. (మిల్లిపీడ్ అంటే వెయ్యి కాళ్లది అని అర్థం, కానీ నిజంగా వెయ్యి కాళ్లు దాటిన రకం ఒక్కటే దొరికింది, ఆస్ట్రేలియాలో, 2021లో ప్రకటించారు, 1306 కాళ్లు. మన జెయింట్‌కి ఆ పేరంతా ఉత్త గొప్ప, రెండు వందల యాభై చిల్లర.)

చేత్తో పట్టుకుంటే కరవవు, కుట్టవు. భయపడితే పక్కల నుంచి గోధుమరంగు రసం వదులుతాయి, బెంజోక్వినోన్లు అనే రసాయనాలు, నా వేళ్ల మీద ఆ మరక ఐదు రోజులుంది, సబ్బుకి లొంగలేదు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే మాత్రం చుక్కలు కనపడతాయి, కాబట్టి ముందు చేతులు కడుక్కోండి. చదునుగా ఉండే రకాలు కొన్ని సైనైడ్ వాయువే వదులుతాయి, వాటిని గాలాడని డబ్బాలో కుక్కితే వాటి విషంతో అవే పోతాయి.

బూజు గురించి కంగారు వద్దు, మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే బుల్లి గెంతే పురుగులు వేస్తే అవే మేసేస్తాయి. ఒంటి మీద చిన్న చిన్న పురుగులు తిరుగుతుంటే కూడా, ముఖ్యంగా జెయింట్ల మీద, చాలావరకు హాని చెయ్యని అద్దెకున్నవాళ్లే.

మూడేళ్ల కిందట ధైర్యం చేసి మళ్లీ జెయింట్ తెచ్చా, ఈసారి అడుగున్నర లోతు మట్టితో. రాత్రి పదిన్నరకి లైటు తీసేశాక గాజు మీద కాళ్ల గరగర వినపడుతుంది, చూస్తే మీసాలతో మూత అంచు తడుముకుంటూ ఉంటుంది. మూతకి క్లిప్పులు పెట్టించండి, అది ఒకసారి పుస్తకాల షెల్ఫ్ వెనక దొరికింది.