సూవీడ్ స్టిక్‌తో బీర్ మ్యాష్: 152 ఫారెన్‌హీట్ దగ్గర కదలకుండా నిలబెడుతుంది, నీళ్ళు కాచమంటే మాత్రం ఏడుస్తుంది

ముందే చెప్పేస్తా, ఇది మాంసం, గుడ్లు వండుకోడానికి అమ్మే మామూలు 1000 వాట్ల సూవీడ్ స్టిక్ (గిన్నెలో నీళ్ళల్లో తగిలిస్తే ఆ నీళ్ళని మనం పెట్టిన వేడి దగ్గరే నిలబెట్టే హీటర్ కడ్డీ), బీర్ అనే మాట బాక్స్ మీద ఎక్కడా ఉండదు. నేను కొన్నది మాత్రం కిచెన్‌లో ఒక గ్యాలన్ బ్యాచ్‌లు చేసేటప్పుడు మ్యాష్ (వేడినీళ్ళలో నానే బార్లీ) టెంపరేచర్ నిలబెట్టడానికే. మేముండేది డాలస్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో, బాల్కనీలో ప్రొపేన్ బర్నర్ పెడతానంటే లీజింగ్ ఆఫీసు వాళ్ళు ఊరుకోరు, ఉన్నదల్లా ఎలక్ట్రిక్ కాయిల్ స్టవ్. అలాంటి కిచెన్ ఉన్నవాళ్ళకే ఈ రివ్యూ. (ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళు జాగ్రత్త, అక్కడ లైసెన్స్ లేకుండా ఇంట్లో చేస్తే ఎక్సైజ్ కేసు. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్ళుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200 దాకా సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదంతే.)

అసలు టెంపరేచర్ గోల ఎందుకంటే, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని (దీన్నే మాల్ట్ అంటారు) పలుకులుగా నలగ్గొట్టి వేడినీళ్ళలో గంటసేపు ఉంచుతాం కదా, ఆ గంటలో గింజలో ఉన్న ఎంజైములే పిండిని చక్కెర చేస్తాయి. బీటా అమైలేజ్ అనేది 60 నుంచి 65 సెల్సియస్ మధ్య బాగా పనిచేస్తుంది, అది చేసే మాల్టోజ్‌ని ఈస్ట్ మొత్తం తినేస్తుంది, బీర్ పల్చగా, డ్రైగా వస్తుంది. ఆల్ఫా అమైలేజ్‌కి 70 దగ్గర ఊపు ఎక్కువ, అక్కడ మిగిలే పెద్ద చక్కెరలు ఈస్ట్‌కి లొంగవు, బీర్‌లోనే ఉండిపోయి చిక్కదనం ఇస్తాయి. ఇక్కడి లెక్కలో 148 ఫారెన్‌హీట్ అయితే డ్రై, 158 అయితే చిక్కన, అందుకే ఎక్కువ రెసిపీలు మధ్యలో 152 అని రాస్తాయి.

కాయిల్ స్టవ్‌తో వచ్చే తలనొప్పి ఏంటంటే ఆపేశాక కూడా కాయిల్ ఎర్రగానే ఉంటుంది, థర్మామీటర్ 150 చూపించింది కదా అని ఆపితే అది తన పాటికి తను ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. ఒకసారి బాగా పైకెళ్ళి బీటా అమైలేజ్ చచ్చిపోయిందంటే తర్వాత చల్లటి నీళ్ళు పోసినా లాభం లేదు, మెత్తగా ఉడికిపోయిన అన్నం మళ్ళీ బియ్యం అవ్వదుగా.

ఇక స్టిక్ వాడే పద్ధతి. దాన్ని మ్యాష్‌లో ముంచకండి, ప్లీజ్. గింజల పొట్టు లోపలి ఫ్యాన్‌లో ఇరుక్కుంటుంది, తియ్యటి వోర్ట్ (మ్యాష్‌లోంచి దిగే చక్కెర నీళ్ళు) హీటర్ మీద మాడి అంటుకుపోతుంది, వారంటీ సంగతి ఇక మర్చిపోవచ్చు. పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి స్టిక్ అందులో తగిలించి, మ్యాష్ ఉన్న చిన్న గిన్నెని ఆ నీళ్ళల్లో కూర్చోబెట్టాలి. ఒక గ్యాలన్ బీర్‌కి నేను 2 పౌండ్ల మాల్ట్, బ్యాగ్ పద్ధతి (మాల్ట్‌ని గుడ్డ సంచిలో వేసి నానబెట్టడం) కాబట్టి నీళ్ళన్నీ ఒకేసారి, 7 క్వార్టులు (గ్యాలన్‌కి నాలుగు). మాల్ట్ 70 డిగ్రీల ఫారెన్‌హీట్ రూమ్ టెంపరేచర్‌లో ఉంటుంది కాబట్టి పోసే నీళ్ళు 152 కంటే వేడిగా ఉండాలి. లెక్క సింపులే: పౌండుకి ఎన్ని క్వార్టులో చూసి (ఇక్కడ 3.5) దాంతో 0.2ని భాగించి, కావాల్సిన వేడికీ మాల్ట్ వేడికీ ఉన్న తేడాతో గుణించి 152కి కలపడమే, దాదాపు 157 వస్తుంది. ఈ నీళ్ళు స్టవ్ మీదే కాచుకోండి, మాల్ట్ వేసి బాగా కలిపి, థర్మామీటర్ 152 చూపించాక అప్పుడు తీసుకెళ్ళి బాత్‌లో, అంటే స్టిక్ ఉన్న పెద్ద గిన్నె నీళ్ళల్లో పెట్టండి.

అక్కణ్ణుంచి స్టిక్ పనితనం నిజంగా బాగుంది. డిస్‌ప్లే మీద అంకె దశాంశం అటూ ఇటూ తప్ప కదలదు. కానీ గుర్తుపెట్టుకోండి, అది చెప్పేది బయట నీళ్ళ టెంపరేచర్, లోపల మ్యాష్‌ది కాదు. పైనుంచి వేడి పోతూ ఉంటుంది కాబట్టి లోపల ఒకటి రెండు డిగ్రీలు తక్కువే ఉంటుంది, నేను బాత్‌ని 154 దగ్గర పెట్టి, మూత వేసి, పది పదిహేను నిమిషాలకోసారి కలుపుతా. విడిగా ఒక మంచి ప్రోబ్ థర్మామీటర్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు, దాన్ని కూడా ఐస్ నీళ్ళల్లో పెట్టి 32 చూపిస్తుందో లేదో చూసుకోండి.

కాచే విషయంలో మాత్రం దారుణం. పెద్ద గిన్నెలో 4 గ్యాలన్లు, అంటే 15 లీటర్లు, కుళాయి చన్నీళ్ళు పోస్తే 1000 వాట్లతో 67 సెల్సియస్‌కి చేరడానికి కాగితం మీద లెక్కే ముప్పావు గంట దాటుతుంది, బయటికి పోయే వేడి కలిపితే ఇంకా ఎక్కువ. వేడినీళ్ళ ట్యాప్ నుంచి పట్టుకుంటే ఇరవై పాతిక నిమిషాల్లో అయిపోతుంది. ఇంకోటి, కిచెన్ ప్లగ్గు సర్క్యూట్ 15 యాంప్‌లదైతే మొత్తం 1800 వాట్లే, అదే లైన్ మీద మైక్రోవేవ్ ఆన్ చేశారంటే బ్రేకర్ పడిపోతుంది. వోర్ట్ మరిగించడం దీని వల్ల కాదు, దానికి మళ్ళీ స్టవ్వే గతి.

ఇప్పుడు అసలు మాట. పేల్ ఏల్ లాంటి మామూలు బీర్‌కి ఇంత సెటప్ అవసరమా అంటే, నాకైతే అనుమానమే. ఇప్పటి మాల్ట్‌తో పిండి చాలావరకు మొదటి 20, 30 నిమిషాల్లోనే చక్కెర అయిపోతుంది, గంట చివర్లో నాలుగు డిగ్రీలు పడినా తాగేవాడికి తెలీదు. కావాలంటే వోర్ట్ చుక్క తెల్ల ప్లేట్ మీద వేసి అయోడిన్ కలిపి చూడండి, నల్లబడకపోతే పిండి అయిపోయినట్టే (పొట్టు ముక్క పడితే ఎలాగూ నల్లబడుతుంది, కంగారు పడకండి). అవెన్‌ని 170 ఫారెన్‌హీట్‌కి వేడి చేసి, ఆపేసి, మూత పెట్టిన గిన్నె లోపల పెట్టినా పని జరిగిపోతుంది, పైసా ఖర్చు లేదు.

స్టిక్ నిజంగా పైసా వసూల్ అనిపించింది గోధుమ బీర్ దగ్గర. జర్మన్ హెఫెవైజెన్‌లో వచ్చే ఆ లవంగం వాసన కావాలంటే ముందు మ్యాష్‌ని 45 సెల్సియస్ దగ్గర కాసేపు ఉంచాలి, అప్పుడు ఫెరూలిక్ యాసిడ్ విడుదలై తర్వాత ఈస్ట్ దాన్ని లవంగం వాసనగా మారుస్తుంది. 113 ఫారెన్‌హీట్ దగ్గర కాయిల్ స్టవ్‌ని నిలబెట్టడం నా వల్ల కాదు, అవెన్ అంత కిందికి రాదు, ఇది మాత్రం హాయిగా నిలబెడుతుంది. అక్కణ్ణుంచి 152కి ఎక్కించడానికి మాత్రం బాత్‌ని నమ్ముకోకండి, సాయంత్రం అయిపోతుంది, మొదట్లో నీళ్ళు తక్కువ పోసుకుని తర్వాత మరిగే నీళ్ళు కలపండి.

5 గ్యాలన్ల బ్యాచ్ చేసేవాళ్ళు దీని జోలికి రావద్దు, 10 పౌండ్ల మాల్ట్‌కి 10 గ్యాలన్ల డ్రింక్ కూలర్ (వేడి, చల్లదనం బయటికి పోనివ్వని దళసరి డబ్బా) కొనుక్కోండి, కరెంటు లేకుండానే గంటసేపు వేడి పట్టుకుంటుంది. ఒకటి రెండు గ్యాలన్లవాళ్ళైనా బీర్ ఒక్కదాని కోసమే అయితే వద్దనే అంటా. మా ఇంట్లో ఇది ఎక్కువగా తిరిగేది చలికాలంలో పెరుగుకి, 110 దగ్గర పెట్టి సీసాలు అందులో దించితే పొద్దున్నకి గట్టిగా తోడుకుంటోంది, మా ఆవిడ దీని ఖర్చు గురించి అడగడం మానేసింది అందుకే.